పాఠకుల ప్రశ్నలు - జవాబులు: పాత ల్యాప్‌టాప్‌లో ముందు ఏది మార్చాలి?

పాత ల్యాప్‌టాప్‌లకు ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమరీ) పెంచడం, ఫైళ్లను దాచే హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (అదే పని చేసే చిప్పుల నిల్వ పరికరం) పెట్టడం గురించి చాలామంది పాఠకులు రాశారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, ఈ సంచికలో ఆ ఒక్క విషయానికే చోటిస్తున్నాం.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. మీట నొక్కిన తరువాత పని మొదలుపెట్టడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. తెలిసినవారిలో ఒకరు ర్యామ్ పెంచమంటున్నారు, ఇంకొకరు ఎస్ఎస్‌డీ వేయించమంటున్నారు, మరొకరు ఇక దీన్ని పక్కన పెట్టేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?
— పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకుడు

జవాబు: ముందుగా మీ ల్యాప్‌టాప్ మాటే వినండి. నెమ్మదించిన యంత్రంలో చాలాసార్లు ప్రాసెసర్ ఖాళీగానే ఉంటుంది. తనకు కావలసిన సమాచారం వేరేచోటి నుంచి రావడం ఆలస్యమై ఎదురుచూస్తూ ఉంటుంది. అది దేనికోసం ఎదురుచూస్తోందో తెలుసుకుంటే ఏది మార్చాలో తేలిపోతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగానికి వెళ్లి, యంత్రం మొరాయిస్తున్న ఆ సమయంలోనే ప్రాసెసర్, మెమరీ, డిస్క్ అనే మూడింటి అంకెలను గమనించండి. ప్రాసెసర్ వాడకం పది, పదిహేను శాతం దగ్గర ఉండి, డిస్క్ మాత్రం నిమిషాల తరబడి నూరు శాతం చూపిస్తుంటే అడ్డుపడుతున్నది డిస్కే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీకు కనిపించబోయేది ఇదేనని నా అంచనా.

దీనికి కారణం హార్డ్ డిస్క్ నిర్మాణంలోనే ఉంది. ల్యాప్‌టాప్‌లలో వాడే హార్డ్ డిస్కులలో ఎక్కువ భాగం నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి, అంటే ఒక్కో చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, ఆ తల సరైన వరుస మీదికి జరగడానికి మరో పది, పన్నెండు మిల్లీసెకన్లు కలుపుకుంటే, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న తునకలను అది సెకనుకు అరవైకి అటూ ఇటూగా మాత్రమే తెచ్చివ్వగలదు. విండోస్ మొదలయ్యేటప్పుడు చదవవలసినవి సరిగ్గా ఇలాంటి తునకలే, అవీ వేల సంఖ్యలో ఉంటాయి. ఐదువేల తునకలు తేవడానికి ఈ లెక్కన ఎనభై సెకన్లకు పైగా పడుతుంది. తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీకి ఒక్కో తునకకు మిల్లీసెకనులో పదో వంతు చాలు కాబట్టి, అదే పని అర సెకనులో ముగుస్తుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే సెకనుకు ఇన్ని వందల ఎంబీల వేగం పెద్ద ఫైళ్లను వరుసగా చదివినప్పటి మాట. రోజువారీ వాడకంలో మనకు తెలిసివచ్చే తేడా ఈ చిన్న తునకల దగ్గరే ఉంటుంది.

ఇక ర్యామ్ సంగతి. తెరిచిన ప్రోగ్రాములు ర్యామ్‌లో పట్టనప్పుడు విండోస్ వాటిలో కొంత భాగాన్ని డిస్కులో ఉండే పేజ్ ఫైల్‌లోకి మార్చి, అవసరమైనప్పుడు తిరిగి తెచ్చుకుంటుంది. హార్డ్ డిస్క్ ఉన్న యంత్రంలో ఈ రాకపోకలు చాలా భారమవుతాయి, పైగా ర్యామ్ చాలకపోయినా టాస్క్ మేనేజర్‌లో డిస్కే నూరు శాతంగా కనిపించి మనల్ని పొరపాటు పడేలా చేస్తుంది. అందువల్ల మీరు మామూలుగా వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి ఉంచి మెమరీ అంకె కూడా చూడండి. అది 85, 90 శాతం దాటి అక్కడే నిలిచిపోతుంటే ర్యామ్ కూడా చాలడం లేదని నిర్ధారించుకోవచ్చు. 4 జీబీతో విండోస్ 10, దానిమీద బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు అంటే ఇరుకే. నా సలహా ఇది: ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, వీలైతే అదే సమయంలో ర్యామ్‌ను 8 జీబీకి పెంచండి. రెంటిలో ఒక్కటే సాధ్యమైతే ఎస్ఎస్‌డీనే ఎంచుకోండి. హార్డ్ డిస్క్ ఉంచి ర్యామ్ మాత్రమే పెంచితే, ఆన్ చేశాక మీరు వేచి ఉండే సమయం పెద్దగా తగ్గదు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్పు) కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ తరువాతిది అయి ఉండాలి. 2014 నాటి ల్యాప్‌టాప్ ఆ నియమాలకు అందదు. ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న మీ యంత్రం మీద విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ హాయిగా నడుస్తుంది, భద్రతా నవీకరణలూ అందుతాయి. రాతపని, ఈమెయిల్, వీడియోలు చూడడం వంటి అవసరాలకు దానిని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. విండోస్‌లో మాత్రమే పనిచేసే ప్రోగ్రాము ఏదైనా మీకు తప్పనిసరి అయితే, ఈ ఖర్చు పెట్టేముందు ఆ సంగతి ఆలోచించుకోండి.

ప్రశ్న: ర్యామ్ కొనబోతే డీడీఆర్3, డీడీఆర్3ఎల్, డీడీఆర్4 అంటూ ఎన్నో రకాలు చూపిస్తున్నారు. నా ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు 4 జీబీ ముక్క ఒకటి ఉంది. దాని పక్కన 8 జీబీ ముక్క పెట్టవచ్చా? రెండూ సమానంగా ఉండి తీరాలా?
— ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: రకం తప్పితే ర్యామ్ స్లాట్‌లోకి దిగనే దిగదు. ల్యాప్‌టాప్‌లకు వాడే ముక్కలలో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262 ఉంటాయి, గాడి ఉండే చోటు కూడా మారుతుంది. అసలు చిక్కు డీడీఆర్3కీ డీడీఆర్3ఎల్‌కీ మధ్య వస్తుంది. ఈ రెండింటికీ పిన్నులూ గాడీ ఒకటే, కానీ మొదటిది 1.5 వోల్టులతో, రెండోది 1.35 వోల్టులతో పనిచేస్తుంది. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లు డీడీఆర్3ఎల్‌నే కోరతాయి. వాటిలో మామూలు డీడీఆర్3 పెడితే చక్కగా అమరుతుంది గానీ చాలాసార్లు యంత్రం ఆన్ కాదు. డీడీఆర్3ఎల్ ముక్కలు మాత్రం 1.5 వోల్టుల దగ్గర కూడా పనిచేసేలా తయారవుతాయి కాబట్టి, ఆ రెండింటి మధ్య సందేహం వస్తే డీడీఆర్3ఎల్ తీసుకోవడం క్షేమం.

ఇప్పుడున్న ముక్క మీది చీటీ చదవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. దాని మీద పీసీ3ఎల్-12800 అని ఉంటే అది డీడీఆర్3ఎల్, 1600 వేగం గలది అని అర్థం. సెకనుకు 1600 మిలియన్ల బదిలీలు, ఒక్కో బదిలీకి 8 బైట్లు చొప్పున గుణిస్తే ఆ 12800 వస్తుంది. 'ఎల్' అనే అక్షరం లేకుండా పీసీ3 అని మాత్రమే ఉంటే అది 1.5 వోల్టులది. మూత తెరవకుండా తెలుసుకోవాలంటే టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీలో వేగమూ, రెండు స్లాట్లలో ఎన్ని నిండాయన్నదీ కనిపిస్తాయి. అయితే మదర్‌బోర్డుకే (లోపలి ప్రధాన సర్క్యూట్ పలక) అతికించిన ర్యామ్‌ను కూడా కొన్ని యంత్రాలు స్లాటుగానే లెక్కచెబుతాయి కాబట్టి, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ ఒకసారి చూడనిదే కొనవద్దు. గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందన్న సంగతి కూడా అందులోనే ఉంటుంది.

4 జీబీ పక్కన 8 జీబీ పెట్టవచ్చు. రెండూ ఒకే పరిమాణంలో ఉంటే ప్రాసెసర్ రెంటినీ ఒకేసారి చదువుతుంది, దీన్నే డ్యూయల్ ఛానల్ అంటారు. మీరు చెప్పిన జతలో చాలా ఇంటెల్ యంత్రాలు రెండు ముక్కల నుంచి నాలుగేసి జీబీలను, అంటే మొత్తం 8 జీబీని జంటగా నడిపి, మిగిలిన నాలుగింటిని ఒంటరిగా వాడుకుంటాయి. వేగాలు వేరైతే రెండూ తక్కువదాని వేగంతో నడుస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో తెరమీది బొమ్మలకు కూడా ర్యామే ఆధారం కాబట్టి, అక్కడ ఒక్క 8 జీబీ ముక్క కంటే రెండు 4 జీబీ ముక్కలే మెరుగు. మీ విండోస్ 32 బిట్‌ది కాదని కూడా చూసుకోండి. 32 బిట్ విండోస్ ఎంత ర్యామ్ పెట్టినా 4 జీబీ దాటి వాడుకోలేదు, అందులోనూ చేతికి దక్కేది సాధారణంగా మూడు, మూడున్నర జీబీలే.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఎం.2 స్లాటు ఖాళీగా ఉందని తెలిసి, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ కొని పెట్టాను. చక్కగా కూర్చుంది గానీ యంత్రం దాన్ని గుర్తించడం లేదు. ఎస్ఎస్‌డీ చెడిపోయినట్టేనా?
— ఒక చిన్న వ్యాపారి

జవాబు: చెడిపోయి ఉండకపోవచ్చు. ఎం.2 అన్నది ఆకారాన్ని మాత్రమే చెబుతుంది, లోపలి మార్గం ఏదన్నది చెప్పదు. ఆ స్లాటుకు వెనుక హార్డ్ డిస్కులు వాడే సాటా మార్గం ఉండవచ్చు, అంతకంటే వేగమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గం ఉండవచ్చు, రెండూ ఉండవచ్చు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ రెండోదాని మీదనే నడుస్తుంది. మీ స్లాటు సాటా మాత్రమే అయితే దానిలో ఎం.2 సాటా రకం ఎస్ఎస్‌డీ పెట్టాలి.  మరికొన్ని పాత యంత్రాలలో మార్గం సరిగానే ఉన్నా, బయోస్‌కు (ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) ఎన్‌వీఎంఈ నుంచి బూట్ చేయడం, అంటే విండోస్‌ను మొదలుపెట్టడం, తెలియదు. అటువంటప్పుడు విండోస్ తెరుచుకున్నాక అదనపు డ్రైవుగా కనిపిస్తుంది గానీ, విండోస్‌ను దానిమీద నుంచి మొదలుపెట్టలేము. కొనేటప్పుడు 2280 వంటి అంకెనూ చూడాలి. వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు అని దాని అర్థం.

దీని గురించి మరీ బాధపడవలసిన పని లేదు. సాటా 3 ఎస్ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీల దాకా చదువుతుంది, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 నాలుగు లేన్ల ఎన్‌వీఎంఈ 3500 దాకా వెళుతుంది. అంకెలలో ఇంత తేడా ఉన్నా, పాత ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరవడం, పత్రాలు రాయడం వంటి పనులలో అది మీకు తెలియనైనా తెలియదు. 2010 నాటి యంత్రాలలో కనిపించే సాటా 2 మార్గం సెకనుకు 300 ఎంబీల లోపే ఇస్తుంది, అక్కడ కూడా హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే మార్పు కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: డీవీడీ డ్రైవు నేను వాడను. దాని స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టుకుని, పాత హార్డ్ డిస్కును కూడా ఉంచుకోవచ్చా?

జవాబు: ఉంచుకోవచ్చు, అయితే వాటి స్థానాలు మార్చండి. ఎస్ఎస్‌డీని హార్డ్ డిస్క్ ఉన్న అసలు చోట పెట్టి, హార్డ్ డిస్కును క్యాడీ అనే చట్రంలో అమర్చి డీవీడీ డ్రైవు స్థానంలో పెట్టాలి. కొన్ని యంత్రాలలో డీవీడీ వైపు మార్గం వేగం తక్కువ, అక్కడి నుంచి బూట్ కావడానికీ కొన్నిసార్లు ఒప్పుకోదు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు మందాలలో వస్తాయి, కాబట్టి ముందు కొలత తీసుకోండి.

ప్రశ్న: కొత్త ఎస్ఎస్‌డీలోకి పాత డిస్కును ఉన్నదున్నట్టు క్లోన్ చేయడం మంచిదా, విండోస్‌ను మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేయడం మంచిదా? కొత్తగా వేస్తే విండోస్ మళ్లీ కొనాలేమోనని భయంగా ఉంది.
— ఒక గృహిణి

జవాబు: మొదటినుంచీ ఇన్‌స్టాల్ చేయడం వైపే నేను మొగ్గుతాను. ఏళ్ల తరబడి పేరుకుపోయిన పాత ప్రోగ్రాములు, ఆన్ చేయగానే తమంతట తామే తెరుచుకునే సహాయక ప్రోగ్రాములు క్లోనింగ్‌లో ఒక్కటీ పోకుండా వెంట వస్తాయి. విండోస్ మళ్లీ కొనవలసిన అవసరం సాధారణంగా రాదు. విండోస్ 8 నుంచి ముందే విండోస్‌తో అమ్మిన యంత్రాలలో ఎక్కువ వాటికి లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే నిక్షిప్తమై ఉంటుంది, విండోస్ 10 డిజిటల్ లైసెన్సు కూడా మదర్‌బోర్డునే గుర్తుపెట్టుకుంటుంది. డిస్క్ మారినంత మాత్రాన అది పోదు. అదే ఎడిషన్‌ను ఇన్‌స్టాల్ చేసి ఇంటర్నెట్‌కు కలిపితే యాక్టివేట్ అవుతుంది. మళ్లీ దొరకని ప్రోగ్రాములు, ఎంతో శ్రమపడి చేసుకున్న అమరికలు ఉన్నవారికి మాత్రం క్లోనింగే సరైన దారి. వారు యూఎస్‌బీ కేబుల్‌తో ఎస్ఎస్‌డీని తగిలించి క్లోన్ చేసి, పాత డిస్కును తీసేసిన తరువాతే మొదటిసారి బూట్ చేయాలి. ఒకే గుర్తింపు ఉన్న రెండు డిస్కులు పక్కపక్కనే ఉంటే విండోస్ తికమక పడవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా, ముందు మీ ఫొటోలూ పత్రాలూ వేరొక చోటికి కాపీ చేయండి. దయచేసి దీన్ని వాయిదా వేయవద్దు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము పాత డిస్క్ ఆరోగ్యాన్ని చూపిస్తుంది. అందులో రీఅలొకేటెడ్ సెక్టర్లు, కరెంట్ పెండింగ్ సెక్టర్లు అనే వరుసలలో సున్నా కాకుండా వేరే విలువ ఉంటే, ఆ డిస్క్ ఎంతకాలం ఉంటుందో చెప్పలేము. అటువంటి డిస్కును గంటల తరబడి క్లోన్ చేయించి అలసట పెట్టకుండా, ముఖ్యమైన ఫైళ్లనే ముందు బయటికి తీయాలి. బిట్‌లాకర్ (డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉన్నవారు రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోవాలి, లేదంటే తమ ఫైళ్లు తమకే తెరుచుకోకపోవచ్చు.

ప్రశ్న: ఎస్ఎస్‌డీలో రాసిన కొద్దీ అది అరిగిపోతుందని విన్నాను. హార్డ్ డిస్క్ కంటే త్వరగా పాడవుతుందా?

జవాబు: ఫ్లాష్ కణాలు రాతలకు అరిగే మాట నిజమే. అందుకే తయారీదారులు ప్రతి ఎస్ఎస్‌డీకీ మొత్తం ఎన్ని టెరాబైట్లు రాయవచ్చో టీబీడబ్ల్యూ అనే అంకెతో చెబుతారు. 250 జీబీ ఎస్ఎస్‌డీకి 150 అని ఉందనుకుందాం. రోజూ 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టెరాబైట్లే అవుతుంది, ఆ లెక్కన ఇరవై ఏళ్లు పడుతుంది. మామూలు వాడుకదారు రోజుకు అంత రాయడం కూడా అరుదే. డీఫ్రాగ్మెంట్ చేయించే పాత అలవాటు మాత్రం మానుకోవాలి, ఎస్ఎస్‌డీకి దానివల్ల లాభం లేకపోగా అనవసరపు రాతలు పెరుగుతాయి. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఏర్పాటు ఉండి, తుడిచేసిన ఫైళ్ల చోటును ఎస్ఎస్‌డీకి తెలియజేస్తుంది. పది, పదిహేను శాతం చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచితే రాసే వేగం నిలకడగా ఉంటుంది.

అరుగుదల కంటే నేను ఎక్కువగా పట్టించుకునేది వేరొకటి. హార్డ్ డిస్క్ చాలాసార్లు శబ్దాలు చేసి, నెమ్మదించి, ఏదో ఒక సూచన ఇచ్చి పోతుంది. ఎస్ఎస్‌డీ పోయేటప్పుడు తరచుగా ఒక్కసారిగా పోతుంది, దానిలోంచి ఫైళ్లు తిరిగి రాబట్టడం కూడా కష్టం. పైగా వాడకుండా కరెంటు తగలకుండా పడేసిన ఎస్ఎస్‌డీలో సమాచారం నిరవధికంగా నిలవదు. మెమరీ పరికరాల ప్రమాణాలు రూపొందించే జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకారం, రాత పరిమితి పూర్తిగా వాడేసిన సాధారణ ఎస్ఎస్‌డీ 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది నిలుపుకుంటే చాలు. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న మీ పాత హార్డ్ డిస్కును పారేయకుండా యూఎస్‌బీ 3.0 ఎన్‌క్లోజర్‌లో (డిస్కును బయటి నుంచి తగిలించే పెట్టె) పెట్టి బ్యాకప్‌కు వాడండి.

ప్రశ్న: ఈ పని నేనే చేసుకోగలనా? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక ఇంటర్ విద్యార్థి

జవాబు: నిదానం ఉంటే చేసుకోగలరు. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ వల్ల మామూలు షట్‌డౌన్‌తో యంత్రం పూర్తిగా ఆగిపోదు; షిఫ్ట్ మీట నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ బయటికి వచ్చేదైతే దాన్నీ తీయండి. లోపల బిగించినదైతే మూత తెరవగానే ముందు దాని కనెక్టర్‌ను ఊడదీయాలి, ఆ తరువాత పవర్ మీటను పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన విద్యుత్తు పోతుంది. స్క్రూలు ఒకే పొడవులో ఉండవు. పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే మదర్‌బోర్డుకో, పైన కీబోర్డు వైపుకో గుచ్చుకోవచ్చు, కాబట్టి మూత ఆకారాన్ని కాగితం మీద గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే అంటించుకోండి. మూత రాకపోతే బలవంతం చేయవద్దు. రబ్బరు కాళ్ల కింద ఒక స్క్రూ దాగి ఉండడమో, కీబోర్డు రిబ్బన్ కేబుల్ ఇంకా లోపల తగిలి ఉండడమో కారణం కావచ్చు.

ర్యామ్‌ను ముట్టుకునేముందు లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును పోగొట్టుకోండి, బంగారు పూత పిన్నులను వేళ్లతో తాకకండి. ముక్కను స్లాటులోకి ఏటవాలుగా, పిన్నులు దాదాపు కనిపించనంత లోతుకు నెట్టి, ఆ తరువాత కిందికి నొక్కితే రెండు వైపులా క్లిప్పులు టిక్కుమని పట్టుకుంటాయి. ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉంటే కంగారుపడవద్దు. కొత్త ర్యామ్‌ను పరీక్షించుకోవడానికి కొన్ని యంత్రాలు మొదటిసారి ఒకటి రెండు నిమిషాలు తీసుకుంటాయి. అప్పటికీ రాకపోతే ముక్కను తీసి మళ్లీ అమర్చండి, తొంభై పాళ్లు తప్పు అక్కడే ఉంటుంది. యంత్రం మామూలుగా ఆన్ అయినా సరే, విండోస్ మెమరీ డయాగ్నస్టిక్‌ను ఒకసారి నడిపించండి. చెడ్డ ర్యామ్ వెంటనే బయటపడదు, నెలల తరువాత ఫైళ్లను పాడుచేస్తూ బయటపడుతుంది.

ఎస్ఎస్‌డీ మందం సాధారణంగా 7 మిల్లీమీటర్లు, చాలా పాత హార్డ్ డిస్కులది 9.5. ఆ తేడా వల్ల ఎస్ఎస్‌డీ వదులుగా ఊగుతుంటే, దానితోపాటు దొరికే ప్లాస్టిక్ చట్రాన్ని అంటించాలి.

ప్రశ్న: ఎస్ఎస్‌డీ వేయించాను, ర్యామ్ 8 జీబీ చేయించాను. త్వరగానే ఆన్ అవుతోంది కానీ అరగంట వాడాక మళ్లీ నెమ్మదిస్తోంది, కింది భాగం కాలిపోతోంది.

జవాబు: ఇది ఫ్యాను సంగతి. దుమ్ము పట్టి గాలి ఆడక వేడెక్కినప్పుడు, ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఫ్యానును, దాని పక్కనుండే రాగి రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టును మార్పించండి. మూత ఎలాగూ తెరుస్తారు కాబట్టి, ర్యామ్ మార్చేవారు కూడా ఈ పనిని అప్పుడే కానిచ్చుకోవడం మేలు.

ప్రశ్న: 2 జీబీ ర్యామ్, 32 జీబీ ఈఎంఎంసీ ఉన్న చిన్న ల్యాప్‌టాప్‌ను ఇలాగే మెరుగుపరచవచ్చా?

జవాబు: లేదు. అటువంటి చాలా మోడళ్లలో ర్యామ్, ఫైళ్లను దాచే ఈఎంఎంసీ చిప్పు రెండూ మదర్‌బోర్డుకు అతికించి ఉంటాయి, మార్చడానికి స్లాటు ఉండదు. దానిమీద డబ్బు పెట్టకండి. తేలికపాటి లినక్స్ వేసుకుంటే రాతపనికీ, ఒకటి రెండు వెబ్ పేజీలు చదవడానికీ ఉపయోగపడుతుంది.